ఎడమ పురి

మా ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి తాడు పేనకూడదు. ఎందుకని అడిగితే మా మామయ్య దగ్గర జవాబు ఉండేది కాదు, చెయ్యి ఉండేది. ఆ చేత్తో మా మరిది తిన్న దెబ్బలకు లెక్కే లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వాడు గుప్పెడు నార దొంగిలించి, గడ్డివాము వెనక నక్కి, ఎడమ తొడ మీద పెట్టి రుద్దుకునేవాడు. మామయ్య కంటపడితే వీపు చిట్లిపోయేది.

"పుర్రచెయ్యి వెధవా! ఇంకోసారి నార ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవారు.

నాది మొదట్నుంచీ ఊరుకునే నోరు కాదు. "తప్పు చేతిది కాదు మామయ్యా, ఆ చెయ్యి ఇచ్చి కన్న మీది" అని ఒకసారి అనేశాను. కొత్త కోడల్ని కదా. నన్నేమీ అనలేక మా ఆయన్ని పిలిచి చెడామడా తిట్టారు. మా ఆయన నవ్వుతూ తిట్లన్నీ తిని, వచ్చి నాతో, "నీ పుణ్యమా అని నాకు పొద్దున్నే కడుపు నిండింది" అన్నారు. మనిషి తీరే అంత.

తాడు పేననివ్వకపోతే మరిదికి ఇంట్లో ఏం పని? జనుము గుంట. కోసిన జనుము కట్టల్ని గుంటలో నానేసి, తొక్క కుళ్ళాక, నడుములోతు నీళ్ళలో నిలబడి పుల్ల నుంచి నార వలవాలి. ఆ కంపు ఒంటికి పట్టిందంటే ఎంత రుద్దినా వదలదు. పెద్దవాడయ్యాక వాడికి సంబంధం చూడ్డానికి ఎవరో వస్తే, పిల్ల తండ్రి ముక్కు మూసుకునే కూర్చుని, ముక్కు మూసుకునే వెళ్ళిపోయాడు. ఆ మాట వాడే అందరికీ చెప్పి నవ్వించేవాడు. తర్వాత నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి, "వదినా, నేనేమీ అడగను. నాకు ఒక్క తాడు పేనాలని ఉంది, అంతే" అనేవాడు. వేరే కోరికలున్న మనిషికి నచ్చజెప్పచ్చు. ఇదొక్కటే కోరికున్న వాడికి ఏం చెప్పను?

మామయ్యా, మా ఆయనా కొట్టంలో కూర్చునేవాళ్ళు. తొడ మీద నార పెట్టి కుడి అరచేత్తో ముందుకు రుద్దితే పురి ఎక్కుతుంది. పురులు కలిపితే పేట, మూడు పేటలు కలిపి మెలేస్తే మోకు. చుట్టుపక్కల బావులన్నిటికీ మా మోకులే. రెండు తాళ్ళు కలపాల్సి వస్తే మా ఆయన కొసలు విప్పి, పేటల్ని ఒకదానిలో ఒకటి దూర్చి అల్లేవారు. ఆయన వేసిన అతుకు ఎక్కడుందో దీపం పెట్టి వెతుక్కోవాలి. తాడు పేనే ఇంట్లో తాడుకు ముడి వెయ్యడమంటే తలకొట్టేసినట్టని ఆ తండ్రీకొడుకుల పట్టుదల.

ఒక ఏడాది వేసవి మొదట్లోనే మామయ్య పడిపోయారు. పొద్దున్నే మంచినీళ్ళ గ్లాసు అందిస్తే చేతిలోంచి జారింది. "చూసుకోవాలి కదా మామయ్యా" అని విసుక్కుంటూ వంగి, గ్లాసు తీసి తలెత్తేసరికి ఆయన మూతి ఒక పక్కకు పోయి ఉంది. ఆసుపత్రిలో చాలా రోజులే ఉంచారు. మాట నెమ్మదిగా వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

ఇంటికొచ్చాక ఆయనతో వేగడం నా వల్ల కాలేదు. కంచం తోసేసేవారు. కాళ్ళ మీద దుప్పటి కప్పితే తన్నేసేవారు. ఎవరైనా పలకరించడానికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు. "పనిలేని మనిషికి అన్నం ఎందుకు పెడతావే" అని నన్నే కసురుకునేవారు. "మీరు పనిచేసిన రోజుల్లో మాత్రం నా వంటను మెచ్చుకుని తిన్నారా ఏంటి, ముయ్యండి నోరు, తినండి" అని నేనూ అనేదాన్ని. అలా అంటేనే తినేవారు.

ఒక మధ్యాహ్నం కొట్టంలోంచి నార రుద్దుతున్న చప్పుడు వినిపించింది. మా ఆయన పొలంలో ఉన్నారు. ఎవరా అని తొంగి చూశాను. మామయ్య! గోడకు చేరగిలబడి, కాలి బొటనవేలికి నార తగిలించి, ఎడమ తొడ మీద ఎడమ అరచేత్తో రుద్దుతున్నారు. ఒళ్ళంతా చెమట. పురి వంకరటింకరగా వస్తోంది, అయినా వస్తోంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎన్ని తిట్టుకున్నా ఆ పట్టుదల చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది.

వెనక కంపు కొట్టింది. మరిది. గుంటలో మిగిలిన బురదనీళ్ళలో ఆఖరి కట్టలు వలిచి, తడినార భుజాన వేసుకుని వచ్చి, నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఏంటి నాన్నా అది?" అన్నాడు.

మామయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఏ చేత్తో పేనుతున్నావు?"

"ఉన్నది ఇదేరా" అన్నారు మామయ్య. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"నాకు పుట్టినప్పట్నుంచీ ఉన్నది ఇదే."

నాకు భయం వేసింది. అన్నేళ్ళుగా మింగినదంతా వాడిప్పుడు కక్కేస్తాడేమో, పెద్దాయన తట్టుకోలేరేమో అనుకున్నాను. వాడేమీ కక్కలేదు. భుజం మీది నార నుంచి నీళ్ళు కారుతున్నాయి. మామయ్య తన చేతి వంక చూసుకున్నారు. చివరికి పక్కనున్న ఎండునార కట్టలోంచి గుప్పెడు లాగి, వాడి కాళ్ళ ముందుకు విసిరారు.

"కూర్చో" అన్నారు.

ఆ తర్వాత రోజులు చూడాలి! ఇద్దరూ గోడకు పక్కపక్కనే చేరగిలబడేవాళ్ళు. తండ్రి రుద్ది చూపించేవారు, కొడుకు అందుకునేవాడు. వాడి చెయ్యి పడిన తర్వాత పురి సన్నగా, ఎక్కడా ఉబ్బు లేకుండా సాగేది. "మెల్లిగారా, తొడ తోలు ఊడొస్తుంది" అని మామయ్య, "ఊడితే దాంతో కూడా పేనుతా" అని వాడు. అన్నం తినమంటే "ఈ పేట అవనీ" అని ఇద్దరిదీ ఒకటే మాట. ఒక అత్తగారి పోరు లేదనుకుంటే ఇద్దరు అత్తగార్లు తయారయ్యారని మా ఆయనతో అంటే పడీపడీ నవ్వారు.

మోకు తయారయ్యాక మా ఆయన దాన్ని తన మోకు పక్కన పరిచి చూశారు. ఆయనవి అన్నీ ఇటు మెలిక తిరిగితే ఇది అటు తిరిగింది.

"అద్దంలో చూసినట్టుందిరా నీ తాడు!" అన్నారు.

"గట్టితనం చూడు ముందు" అన్నాడు మరిది, మొహం చిన్నబుచ్చుకుని.

చూశాం కూడా. ఒక కొస దుంగకు కట్టి, రెండో కొస ఎద్దుల కాడికి కట్టి లాగించాం. ఎద్దులు వగర్చాయి గానీ తాడు చెక్కుచెదరలేదు. మామయ్య అరుగు మీంచి చూస్తూ, మూతి వంకరతోనే నవ్వారు. నేను ఊరుకుంటానా? "ఇంత బంగారంలాంటి తాడు పేనేవాణ్ణి పట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు వద్దన్నారు మామయ్యా?" అని అడిగాను.

"మా నాన్న వద్దన్నాడు. నేనూ వద్దన్నాను" అన్నారు.

"ఆయనెందుకు వద్దన్నారట?"

"అడిగితే కొట్టేవాడు."

ఆ మాటకు అందరం నవ్వాం. మరిది అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఎండలు ముదిరాయి. జనుము గుంట నెర్రెలిచ్చింది. కోసిన కట్టలు గట్టు మీద గుట్టగా పడి ఉన్నాయి, నానెయ్యడానికి నీళ్ళు లేవు. బావిలో చూస్తే అడుగున రాయి తేలింది. రాయి పగలగొట్టి లోతు చేస్తే తప్ప మరుసటి ఏడాదికి ఇంట్లో నారపోగు ఉండదు. బావులు తవ్వే మేస్త్రీకి కబురు పెడితే, ఆయన మనుషులందరూ అప్పటికే ఎవరెవరి బావుల్లోనో ఉన్నారు. "మన బావి మనం తవ్వుకోలేమా" అన్నారు మా ఆయన. అన్నదమ్ములు దిగారు. ఒకరు కింద రాయి కొట్టడం, పైనుంచి మిగిలినవాళ్ళం గిలక మీద తట్ట లాగడం. బావి లోతయ్యేకొద్దీ మోకు పొట్టిదైపోయింది. తట్ట నేలకు ఆనడం లేదు.

కొట్టంలో మా ఆయన పేనిన మోకులు కొయ్యలకు వేలాడుతూనే ఉన్నాయి. ఆయన వాటివైపు వెళ్తుంటే మరిది గొంతు వినిపించింది.

"అన్నయ్యా, నాది వెయ్యవా?"

అంత పెద్ద మనిషి, ఆ అడగడం మాత్రం పండ్లబండి ముందు నిలబడిన పిల్లాడిలా అడిగాడు. మా ఆయన నా వంక చూశారు. నేను తలూపాను. ఎవరైనా ఊపుతారు.

"వెయ్యండి. ఎద్దులకే తెగలేదు" అన్నారు మామయ్య అరుగు మీంచి.

బావి మోకుకు వాడి తాడు కలిపి మా ఆయన అతుకు వెయ్యడానికి కూర్చున్నారు. ఎప్పుడూ చిటికెలో అల్లేసే మనిషి ఆ రోజు చాలాసేపు తిప్పలు పడ్డారు. "ఈ పేట నా మాట వినడం లేదేంటే, అచ్చం నీలాగే ఉంది" అన్నారు. "పోనీ ముడి వేసెయ్యండి" అన్నాను. "ముడా? గిలకలో ఇరుక్కుంటుంది. అయినా మన బావికి ముడేసిన తాడంటే నలుగురూ నవ్వరూ!" అని, అల్లడం పూర్తి చేసి, రెండు పక్కలా పట్టుకుని లాగి చూసి లేచారు.

మర్నాడు పొద్దున్నుంచీ రాళ్ళు తోడాం. అతుకు పైకి వచ్చేటప్పుడు గిరగిరా తిరుగుతోంది.

"అదేంటి నాన్నా అలా తిరుగుతోంది?" అన్నాడు మరిది.

తాడు తోకను ఎడమచేతికి చుట్టుకుని మా వెనక కూర్చున్న మామయ్య చూశారు. "కొత్త తాడు కదరా. పురి సర్దుకుంటోంది" అన్నారు. కొత్త మోకు ఏదైనా మొదట్లో కాస్త తిరుగుతుంది. ఆయన బతుకంతా చూసింది అదే. మేమూ అదే చూశాం.

అన్నం వేళకు మా ఆయన కింద గునపం గోడకానించి, తాడు కొసకు ఉన్న ఉచ్చులో కూర్చుని, "లాగండర్రా, ఆకలేస్తోంది" అని కేకేశారు. నేనూ మరిదీ లాగాం. వెనక మామయ్య తోక పట్టుకున్నారు. కింద మా ఆయన నడినెత్తి కనిపించింది, రాతిపొడితో తెల్లగా. మరిది వేళాకోళంగా, "అన్నయ్య ముసలోడైపోయాడు వదినా" అన్నాడు. అప్పుడే అతుకు మీద నా చూపు పడింది. అది ఎంత జోరుగా తిరుగుతోందంటే పేటలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

"చెయ్యి వదలకు వదినా" అన్నాడు మరిది.

మేం చెయ్యి వదల్లేదు. తాడు మా చేతుల్లోనే ఉంది. బరువే లేదు.

ఆయన అరిచారో లేదో నాకు తెలియదు. నా అరుపే నాకు వినిపించింది. మేస్త్రీ మనుషులు ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి, వాళ్ళ తాళ్ళేసుకుని దిగి, ఆయన్ని పైకి తెచ్చారు. అప్పటికే అంతా అయిపోయింది.

తర్వాత ఇంటికి వచ్చినవాళ్ళు ఒకళ్ళూ నోరు కట్టుకోలేదు. పరామర్శకు వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, "పుర్రచెయ్యి తాడట కదా" అని గుసగుసలు. మరిది పక్క గదిలో ఉన్నాడని తెలిసీ. నేను లేచి, "తాగిన గ్లాసు అక్కడ పెట్టి బయల్దేరండి" అన్నాను. మొగుడు పోయినా పొగరు పోలేదని చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

వాడు మాత్రం ఆ మాటను ఒంటికి పట్టించుకున్నాడు. ఎండిన గుంట గట్టున పొద్దస్తమానం కూర్చునేవాడు. ఎడమచెయ్యి చంకలో దోపుకునేవాడు. తలుపు తీసినా, బొత్తాం పెట్టుకున్నా కుడిచేత్తోనే. చెంబెత్తి తాగితే సగం చొక్కా మీదే. నేను చూస్తే తల దించుకునేవాడు. నాకు మనసులో వాడి మీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది. కొన్ని రోజులు వాడి మొహం చూడలేకపోయాను. కానీ వాణ్ణి అలా చూడ్డం అంతకంటే కష్టమైపోయింది.

ఒకరోజు మామయ్య నన్ను కొట్టంలోకి పిలిచారు. మరిది పేనిన మోకులోంచి రెండు ముక్కలు, మా ఆయన మోకులోంచి రెండు ముక్కలు కోయించి ఉంచారు.

"అతుకు వెయ్యి" అన్నారు. "నా ఒక్క చేత్తో కాదు."

"ఇప్పుడెందుకు మామయ్యా ఇవన్నీ!" అన్నాను. ఏడుపు వచ్చింది.

"వెయ్యమ్మా."

పెళ్ళయినప్పట్నుంచీ "ఏమే" తప్ప "అమ్మా" అని పిలవని మనిషి. కూర్చుని వేశాను. ముందు కుడితాడుకు కుడితాడు. దూలానికి కట్టి, కింద బండరాయి వేలాడదీశాం. నిలబడింది. తర్వాత ఎడమతాడుకు ఎడమతాడు. అదీ నిలబడింది. బిగుసుకుంది కూడా. ఆఖరున ఒకటి ఇది, ఒకటి అది. పేట నా మాట వినలేదు. మా ఆయన అన్నట్టే. బలవంతాన అల్లి రాయి కట్టి వదిలాను. అతుకు గిరగిరా తిరగడం మొదలెట్టింది. పైతాడు పురి విప్పుకుంటోంది, కిందితాడు పురి విప్పుకుంటోంది, ఒకదాన్నొకటి విప్పేసుకుంటున్నాయి. రాయి దబ్బున పడింది. కొసలు పట్టుకుని చూశాను. ఒక్క నారపోగు తెగలేదు.

మామయ్య పైకి చూశారు. దూలం వైపు కాదు. అక్కడెక్కడో చూస్తున్నారు.

"అందుకా నాన్నా" అన్నారు.

ఎప్పుడో పోయిన తండ్రిని అడుగుతున్నారని నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నా ఒళ్ళు మండిపోయింది.

"ఎడమతాడును కుడితాడుతో కలపొద్దు. అంతేనా మామయ్యా? ఈ ఒక్క మాట చెప్పడానికి మీ వంశంలో ఎవరికీ నోరు రాలేదు! చెయ్యెత్తడం మాత్రం అందరికీ వచ్చు! వాణ్ణి గుంటలో కుళ్ళబెట్టారు, ఈయన్ని..." అని ఆ పైన అనలేకపోయాను.

తలుపు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. అంతా చూశాడని మొహమే చెబుతోంది. మళ్ళీ గుంటవైపు వెళ్ళిపోయాడు.

మా మోకులు కొనడం అందరూ మానేశారు. కొయ్యలకు మా ఆయన పేనినవన్నీ అలాగే వేలాడుతున్నాయి. ఆ రోజు తర్వాత వాటిని దాటి ఎవ్వరం కొట్టంలోకి పోలేకపోయేవాళ్ళం. బావి మూతపడింది. జనుము కట్టలు గట్టున ఎండి పుల్లలైపోతున్నాయి. ఇంట్లో గుప్పెడు నార లేదు. అప్పుడు పాలామె వచ్చింది. గేదెలు పాత పలుపులు తెంపుకుంటున్నాయని, కొత్తవి కావాలని అడిగింది. ఆమె మొహంలో భయం లేదు. "గేదె మెడకు వేసే మూరెడు తాడుకు అతుకులేముంటాయమ్మా, ఎవరు పేనితే ఏం" అంది.

ఆమెను పంపించి నేను కొట్టంలోకి వెళ్ళాను. అన్నిటికంటే ఎత్తున ఉన్న మోకును కొయ్య మీంచి దించాను. ఎంత బరువో! ఆయన చెమట వాసన ఉంటుందేమోనని మొహానికి ఆనించుకుని చూశాను. నార వాసన తప్ప ఏమీ లేదు. కొస విప్పడం మొదలెట్టాను. ఒక్కదాన్నే విప్పుతుంటే తాడు మెలికలు పడి చుట్టుకుపోతోంది.

మామయ్య కాలు ఈడ్చుకుంటూ వచ్చారు. నేను చేసేది చూశారు. అరుస్తారనుకున్నాను. ఆయన పీట లాక్కుని కూర్చుని, రెండో కొసను ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నారు. నేను ఇటునుంచి విప్పుకుంటూ పోయాను. మూడు పేటలూ విడిపోయాయి. పేటల్లోంచి పురులు వచ్చాయి. పురుల్ని దువ్వితే మళ్ళీ నార.

మరిదికి ఎవరు చెప్పారో, పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నావు వదినా! అన్నయ్య తాళ్ళు!"

"తెలుసు. ఎవరి తాళ్ళో నాకు తెలుసు."

"వాటినెందుకు పాడుచేస్తున్నావు? అవే కదా మిగిలాయి!"

"నువ్వు మిగల్లేదా?" అన్నాను. "ఆ కొయ్యల మీద ఇవి ఉన్నన్నాళ్ళూ నువ్వు ఇందులోకి రావు. నేనూ రాను. పలుపులు పేనాలి. మూరెడువి, అంతే. బావి మోకు ఈ ఇంట్లో ఇంకెవరూ పేనరు. కొనేవాళ్ళందరికీ నేనే నోటితో చెబుతాను, ఇది ఎడమ పురి, దేనికీ అతకొద్దు అని. నోరు నాకుంది కదా. కూర్చో."

"నా వల్ల కాదు వదినా."

"నా వల్ల అవుతోందనుకుంటున్నావా?"

వాడు తండ్రి వంక చూశాడు. మామయ్య కొస వదలకుండా, చూపు దించుకుని, తలూపారు. వాడు గోడ దగ్గరకు వెళ్ళి చేరగిలబడ్డాడు. నేను నార తడిపి ఇచ్చాను. చాలాసేపటికి ఎడమచెయ్యి చంకలోంచి బయటికి వచ్చింది. తొడ మీద నార పెట్టి రుద్దాడు. పురి ఎక్కలేదు. నార వెనక్కి తిరిగిపోతోంది. మా ఆయన ఎక్కించిన మెలిక ఇంకా దాన్ని వదల్లేదు. అది పూర్తిగా పోతే గానీ వాడిది ఎక్కదు.

వాడికి తెలిసిపోయింది. చెయ్యి ఆపేసి, మోకాళ్ళలో మొహం దాచుకుని, ఇన్నాళ్ళూ ఏడవనిది అప్పుడు ఏడ్చాడు.

నేను ఇంకో గుప్పెడు తడిపి వాడి ఒళ్ళో పడేశాను.

"ఏడిస్తే ఏడువు. చెయ్యి ఆపకు" అన్నాను.